తాళం వేసిన ఇళ్లను కూడా లెక్కపెట్టడం నేర్పండి: పీజీ జాగ్రఫీ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పీజీ జాగ్రఫీ సిలబస్ రాసే బోర్డు సభ్యులకు, డిపార్ట్‌మెంట్ హెడ్‌లకు, ప్రాజెక్టుల మీద సంతకాలు పెట్టే గైడ్ సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేనెవరో మీలో చాలామందికి తెలియదు. మాది మునుగోడు వైపు ఒక పల్లె. జాగ్రఫీలో పీజీ చేశాను, హైదరాబాద్‌లో ఒక మ్యాపింగ్ కంపెనీలో రెండేళ్లు పనిచేశాను, ఇప్పుడు గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌ని. ఎక్కడ చదివానో, ఎక్కడ చెప్తున్నానో రాయడం లేదు. భయపడి కాదు, ఇది ఒక్కచోటి సంగతి కాదు కాబట్టి. ఇటు నల్గొండ, సూర్యాపేట, అటు పాలమూరు, నారాయణపేట, ఏ వైపు జాగ్రఫీ పిల్లలతో మాట్లాడినా ఇదే కథ వినిపిస్తోంది, ఊళ్లోకి పోయి సొంతంగా అడిగి, కొలిచి రాసుకోవడం తమకు ఎవరూ నేర్పలేదని.

మొన్న ఒక అమ్మాయి తన ప్రాజెక్టు ఒకసారి చూడమని నా చేతికిచ్చింది. నల్లటి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల తొంభై పేజీలు. విషయం మన జిల్లాలో నీటి వనరులు. నలభయ్యో పేజీ దాటాక ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: 'తీరప్రాంత గ్రామాల్లో మత్స్యకారులు ఉప్పునీటి సమస్యను ఎదుర్కొంటున్నారు.' నల్గొండ జిల్లాలో తీరప్రాంతం! ఆ అమ్మాయిని అడిగితే ముందు నవ్వింది, తర్వాత కళ్లనీళ్లు పెట్టుకుంది. క్యాంపస్ బయట బైండింగ్ షాపులో పాత ప్రాజెక్టులు పెన్‌డ్రైవ్ నిండా ఉంటాయట, 'టైటిల్, ఊరి పేర్లు మార్చుకో అమ్మా, మిగతాది అందరిదీ అంతే' అని షాపాయన చెప్పాడట. దాని మీద గైడ్ సంతకం ఉంది, వైవా అయిపోయింది, మార్కులు కూడా పడ్డాయి. నేను ఆ పిల్లను తిట్టలేకపోయాను. రెండేళ్లలో ఆమెను ఒక్కరోజు కూడా ఒక ఊరికి తీసుకెళ్లి, ఇదిగో ఇట్లా అడగాలి, ఇట్లా కొలవాలి, ఇట్లా రాసుకోవాలి అని ఎవరూ చెప్పలేదు. ఫీల్డ్ టూర్ పేరుతో ఊటీకి మాత్రం వెళ్లొచ్చారు. ఫొటోలు బాగున్నాయి.

నేనేదో పెద్ద శుద్ధపూసనని రాయట్లేదు. నా ప్రాజెక్టు కథ కూడా చెప్తాను.

మా వైపు ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి పేర్లు చెప్తే చాలు. నేను కూడా అందరిలాగే 'ఫ్లోరైడ్, గ్రామీణ జీవనం' అని పేరు పెట్టుకుని మా ఊరికీ పక్క ఊళ్లకూ పోయి పద్నాలుగు సీసాల్లో బోరు నీళ్లు పట్టాను. గాజు సీసాలు వద్దు, ప్లాస్టిక్‌వి తీసుకో అని ల్యాబ్ అన్న ఫోన్లో చెప్పాడు కాబట్టి ఆ మాత్రం బతికిపోయాను, ఫ్లోరైడ్‌కి గాజు సరిపడదు. కానీ పట్టే ముందు బోరును కాసేపు నడిపించి పైపులో నిలవున్న నీళ్లు పోనియ్యాలని తెలియదు. బోరు లోతెంతో అడిగి రాసుకోవాలని తెలియదు. తేదీ రాయలేదు. ఊరి పేరు, నంబరు మామూలు స్కెచ్ పెన్నుతో కాగితం మీద రాసి అంటించి, ఐస్ వేసిన డబ్బాలో సర్దుకుని బస్సెక్కాను. ల్యాబ్ దగ్గర మూత తీసేసరికి ఐస్ కరిగి నీళ్లయింది, పద్నాలుగు లేబుళ్ల మీద పద్నాలుగు నీలం మరకలు. ఏ సీసా ఏ ఊరిదో దేవుడికే తెలియాలి. ఆ రోజు ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత ఏం చేశానో కూడా చెప్పాలి కదా, అందరూ చేసేదే చేశాను, పాత రిపోర్టుల్లోని అంకెలు తెచ్చి టేబుల్ నింపాను. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఫస్ట్ క్లాస్ వచ్చింది.

లేబుల్ పెన్సిల్‌తో రాయాలి, లేదా చెరగని మార్కర్‌తో సీసా మీదే రాయాలి, అవే వివరాలు నోట్‌బుక్‌లో మళ్లీ రాసుకోవాలి. చెప్తే రెండు నిమిషాల ముచ్చట. రీసెర్చ్ మెథడాలజీ పేపర్లో మాకు పరికల్పన (హైపోథిసిస్) నిర్వచనాలు నాలుగు, శాంప్లింగ్ రకాలు ఏడో ఎనిమిదో బట్టీ పట్టించారు, ఈ రెండు నిమిషాల ముచ్చట మాత్రం ఎక్కడా లేదు.

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. ఇది ప్రతి ప్రాజెక్టులో ఉంటుంది. మా నేల అడుగున ఉన్నది గ్రానైట్, నైస్ అనే గట్టి రాయి, ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది, నీరు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువకాలం నిలిస్తే అంత ఎక్కువ పడుతుంది అనీ ఉంటుంది. అందుకే రెండు వందల మీటర్ల దూరంలో ఉన్న రెండు బోర్ల మధ్య కూడా తేడా రావచ్చన్న మాట మాత్రం పిల్లలకు తట్టదు, ఊరికి ఒక్క సీసా పట్టి దాన్నే ఊరి సగటు అని రాసేస్తారు. ఇంకో సంగతి, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం వచ్చాక చాలా ఇళ్లలో తాగేది కృష్ణా నీళ్లే కదా. మరి ఇప్పుడు అడగాల్సింది ఏమిటి? ఆ నల్లా నీళ్లు వంటకు వాడుతున్నారా, చేన్ల కాడికి పోయినప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు, పశువులకు ఏవి పెడుతున్నారు, పైపు పగిలిన వారం ఏం చేస్తున్నారు. కానీ పిల్లల ప్రశ్నావళిలో ఇరవై ఏళ్ల కిందటి ప్రశ్నే ఉంటుంది, 'మీరు బోరు నీరు తాగుతారా? అవును, కాదు.'

ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్ అని ఒకటుంది, నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేసింది. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, కదలకుండా ఉంచి, మడ్డి అడుగుకు దిగాక పైతేట నీళ్లు వంచుకోవడం. ఆ పద్ధతి మన జిల్లా పేరుతో ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది. మన పీజీ పిల్లలకు మాత్రం అది రెండు మార్కుల ప్రశ్న. ఒక బకెట్, రెండు పొట్లాలు తెచ్చి క్లాసు బయట చెట్టుకింద చేసి చూపించడానికి ఎంత ఖర్చవుతుంది సార్?

ఇక ప్రశ్నావళి గురించి. నేను ఇంగ్లిష్‌లో ఉన్న ఫారం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను, అక్కడికక్కడ నోటికొచ్చిన తెలుగులో అడుగుతూ. మా ఊళ్లోనే ఒక అవ్వను 'మీ వార్షికాదాయం ఎంత' అని అడిగితే ఆమె చేటలో కందులు చెరుగుతూ తలెత్తకుండా అన్నది, 'ఏ ఏడు సంగతి చెప్పాలె బిడ్డా? బత్తాయి తోట పండిన ఏడా, ఎండిన ఏడా? బోరు వేసినందుకు అప్పు కట్టిన ఏడు ఆదాయమెట్లయితది?' నేను ఫారంలో యాభై వేలు అని రాసుకున్నాను. ఎందుకంటే గడి ఖాళీగా ఉండొద్దు. ఆ అవ్వ ఒక్క వాక్యంలో చెప్పింది నా తొంభై పేజీలకన్నా ఎక్కువ, దాన్ని రాసుకోవడానికి ఫారంలో చోటే లేదు. ఫారాన్ని ముందు ఐదారు ఇళ్లలో అడిగి చూసి, ఏ ప్రశ్న దగ్గర మనుషులు తటపటాయిస్తున్నారో, ఎక్కడ నవ్వుతున్నారో గమనించి, దాన్ని మార్చి రాసి, అప్పుడు కదా అసలు సర్వే మొదలుపెట్టాలి. ఆ పని ఒక్కసారి చేయిస్తే పిల్లలకు పద్ధతి అంటే ఏమిటో ఒంటబడుతుంది. అది కూడా తెలుగులో రాసిన ఫారంతో, ఆ ఊరి మాటతో. పదిమంది పిల్లలు పది రకాలుగా అనువాదం చేసి అడిగితే వచ్చిన జవాబులు కలిపి టేబుల్ వేయడంలో అర్థమేముంది?

పైగా మన ఊళ్లలో కాగితం పట్టుకుని పోయిన వాళ్లెవరైనా సర్కారు మనుషులే. 'ఏం సర్వే? ఇండ్లొస్తయా? పింఛన్ పోతదా?' అనేది మొదటి మాట. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది గుర్తుందా, పేరు రాయించుకోకపోతే ఏం పోతుందోనన్న భయంతో ముంబై నుంచి, పుణె నుంచి జనం దొరికిన బస్సు, దొరికిన రైలు పట్టుకుని ఊళ్లకు వచ్చారు. 2024 నవంబరులో కులాల సర్వే జరిగినప్పుడు కూడా మళ్లీ ఇవే అనుమానాలు. అలాంటి ఇంటి ముందు నిలబడి 'అమ్మా, నేను కాలేజీలో చదువుతున్నాను, దీనివల్ల మీకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు, ఇష్టం లేకపోతే చెప్పకండి' అని సూటిగా చెప్పడం కూడా ఒక విద్యే. మా పిల్లలు కొందరు పని త్వరగా కావాలని 'ఇండ్ల స్కీము కోసం' అని అబద్ధం చెప్పి అడుగుతున్నారు. అది నా కళ్లతో చూశాను. సిగ్గుపడ్డాను. తప్పు మాత్రం వాళ్ల ఒక్కరిదే అనలేను.

అసలు ఈ లేఖ రాయడానికి కూర్చోబెట్టింది కిందటి జనవరి.

నారాయణపేట వైపు ఒక ఊళ్లో వలసల మీద ప్రాజెక్టు చేస్తున్న ఒక కుర్రాడు తోడు రమ్మంటే రెండ్రోజులు పోయాను. చురుకైన పిల్లోడు, మంచిగా మాట్లాడతాడు. యాభై ఇళ్ల శాంపిల్ అనుకున్నాడు. వాడలో నడుస్తూ తలుపు తీసి ఉన్న ప్రతి ఇంట్లో కూర్చుని ఫారం నింపుతున్నాడు, తాళం ఉన్న ఇల్లు కనబడితే దాటి పక్కింటికి పోతున్నాడు. ఒక గంట చూసి ఆపి అడిగాను, ఏం తమ్ముడూ, నీ ప్రాజెక్టు దేని మీద? 'వలసల మీద మేడమ్.' మరి వలస పోయినోళ్లు ఏడున్నరు? 'తాళాలు...' అని వాడే ఆగిపోయాడు.

ఆ వాడలో 23 ఇళ్లు ఉంటే 9 ఇళ్లకు తాళాలు. వాటిని వదిలేసి, ఉన్నవాళ్లను మాత్రమే అడిగి, వలస తగ్గుతోంది అని రాయబోతున్నాడు. దసరా, దీపావళి అయ్యాక మూటాముల్లె సర్దుకుని పోయి, ఎండాకాలం చివర వానల ముందు తిరిగొచ్చే మనుషుల గురించి జనవరిలో సర్వే చేస్తే దొరికేది ముసలాళ్లు, బడికి పోయే పిల్లలు, పోనవసరం లేని కుటుంబాలు. ఆ పక్క అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమ్మ మా మాటలు విని దగ్గరికి పిలిచింది. తాళాలు చూడరాదా అన్నది. మాకు అర్థం కాలేదు. కొన్ని తాళాలకు ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో బిగించి కట్టి ఉంది, వానకు, దుమ్ముకు తుప్పు పట్టకుండా. కొన్నింటికి లేదు. 'కవరు కట్టినోళ్లు బొంబాయి పోయిండ్రు. ఉత్త తాళమేసినోళ్లు కూలికి పోయిండ్రు, పొద్దుగూకినంక వస్తరు.' అంతే. రెండు రకాల తాళాలు, రెండు రకాల ఇళ్లు. సాయంత్రం మళ్లీ పోతే ఉత్త తాళాల వాళ్లు నిజంగానే ఇళ్లలో ఉన్నారు, కవరు తాళాల వాళ్ల సంగతి పక్కింటివాళ్లను అడిగి ఎవరు, ఎందరు, ఎప్పుడు పోయారు, కూలీలను తీసుకుపోయే ఏ మేస్త్రీ కింద పోయారు, పిల్లల్ని తీసుకుపోయారా అని విడిగా ఇంకో కాగితం మీద రాసుకున్నాం. ఆ కుర్రాడి ప్రాజెక్టు మొత్తం ఆ సాయంత్రం తిరగబడింది. వాడి మొహం చూడాల్సింది.

నేను అడుగుతున్నది ఇదే సార్. ముందు ఊళ్లో ఉన్న ఇళ్లన్నిటి జాబితా, తాళం ఉన్నా కూలిపోయినా సరే, చేత్తో గీసుకున్న మ్యాపు మీద వరుసగా రాసుకుని, అందులోంచి చీటీలు తీసి శాంపిల్ ఎంచుకోవాలి అనేది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఆ జాబితా చేయడానికి ఒక పూట పడుతుంది, కాళ్లు నొప్పి పుడతాయి, కుక్కలు వెంటపడతాయి. ఆ పూట చేయిస్తే చాలు, శాంప్లింగ్ మీద నాలుగు క్లాసులు చెప్పనక్కర్లేదు.

ఇదంతా కొత్తగా కనిపెట్టమని అడగడం లేదు. మన పాలమూరులోనే జరిగింది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్లు 1975లో ఊళ్ల అధ్యయనం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావే, ఔరేపల్లి, డోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రవి. సర్వే చేసేవాళ్లు కారులో వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోలేదు, ఆ ఊళ్లోనే కాపురముండి, ఆ భాషలోనే మాట్లాడుతూ, కొన్ని వారాలకోసారి అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ పోయి, పొలంలో ఏం వేశారు, ఎంత అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలికి పోయారు అని రాసుకున్నారు. కరువు వచ్చినప్పుడు పేద రైతు ఇల్లు ఎట్లా నెట్టుకొస్తుందో తెలుసుకోవడానికి ప్రపంచంలో పెద్దపెద్ద ఆర్థికవేత్తలు ఆ లెక్కల మీద పేపర్లు రాశారు. ఔరేపల్లి పేరు అమెరికాలో ఎకనామిక్స్ చదివేవాడికి తెలుసు. మన జాగ్రఫీ పిల్లల్ని అడగండి, డోకూరు దేవరకద్ర దగ్గర ఉందని చెప్తారు, అంతకుమించి తెలియదు. అంతకుముందు 1940ల్లో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ గుట్టలెక్కి చెంచుల గూడేల్లో ఉండి రాసుకున్నాడు. ఎక్కడో ఆస్ట్రియా మనిషి. మనం బస్సులో కొన్ని గంటల దూరంలో ఉండి కూడా పోలేకపోతున్నాం.

కాబట్టి నా మొదటి కోరిక, ప్రతి డిపార్ట్‌మెంట్ రెండు ఊళ్లను ఎంచుకోండి, ఒకటి కాలువ కింద, ఒకటి మెట్ట. ఏటా కొత్త బ్యాచ్ కొత్త టాపిక్ వెతుక్కోకుండా అవే ఊళ్లకు, అవే ఇళ్లకు పోవాలి. మొదటి సెమిస్టర్‌లోనే, ఫ్రెషర్స్ డే అయిన వారానికే. వానాకాలం ఒకసారి, యాసంగిలో ఒకసారి. పాత బ్యాచ్ రాసిన నోట్‌బుక్‌లు కొత్త బ్యాచ్‌కి అందాలి. పదేళ్లు ఇట్లా చేస్తే ఆ రెండు ఊళ్ల గురించి మన దగ్గర ఉండే లెక్క ఏ సర్కారు ఆఫీసులోనూ ఉండదు. ఇప్పుడు మన దగ్గర ఏముంది? లైబ్రరీ గదిలో నల్ల అట్టలు, చెదలు.

లెక్కల గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఇక్కడ పిల్లలు ఘోరంగా దెబ్బతింటున్నారు. మన దగ్గర ఉన్న చివరి జనాభా లెక్కలు 2011వి. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా అంటే 64 మండలాలు, 40.53 లక్షల జనం. నల్గొండ అంటే 59 మండలాలు, దాదాపు 34.89 లక్షలు. 2016 దసరాకు జిల్లాలు ముక్కలయ్యాయి, 2019లో నారాయణపేట విడిగా వచ్చింది. ఇప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారంటే 2011 నాటి ఉమ్మడి జిల్లా అంకెను తెచ్చి, ఇప్పటి చిన్న మహబూబ్‌నగర్ మ్యాపు కింద పెట్టి, జనసాంద్రత లెక్కేస్తున్నారు. పాలమూరు బీడు భూముల్లో జనం ముంబైలో లాగా కిక్కిరిసి కనబడతారు. మండలాలు కూడా కొన్ని విడిపోయాయి కాబట్టి మండలం పట్టుకున్నా లాభం లేదు, జనాభా లెక్కల్లో ప్రతి ఊరికీ ఇచ్చిన కోడ్ పట్టుకుని కిందనుంచి పైకి కూడుకుంటూ రావాలి. ఇది ఒక ఎక్సెల్ షీట్, రెండు రోజుల పని. ఒక్కసారి కూర్చోబెట్టి చేయిస్తే జీవితాంతం మరిచిపోరు. 2027 మార్చి 1 నాటికి కొత్త జనగణన అని కేంద్రం ప్రకటించింది. అప్పటికి కవరు తాళాల ఇళ్ల వాళ్లంతా ఎక్కడుంటారో మీకు తెలుసు. ఏ ఊళ్లో ఎంతమంది లెక్క ఇంకో రాష్ట్రంలో పడుతుందో ముందే రాసిపెట్టుకోగల వాళ్లు జాగ్రఫీ పిల్లలు తప్ప ఇంకెవరున్నారు?

కంప్యూటర్ విషయానికొస్తే, ల్యాబ్ ఉంది, కీ ఎవరి దగ్గరుందో తెలియదు, ఇది మీ అందరికీ తెలిసిన జోకే. కానీ ఇప్పుడు ఆ సాకు కూడా చెల్లదు. మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఉచితం, సెంటినెల్ చిత్రాలు పది మీటర్ల స్పష్టతతో ఉచితం, ఇస్రో వాళ్ల మ్యాపుల వెబ్‌సైట్ భువన్ 2009 నుంచి ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల వివరమైన మ్యాపులు, అంటే టోపోషీట్లు, ఒకప్పుడు అర్జీలు పెట్టుకుంటే గానీ దొరికేవి కావు, 2017 నుంచి ఓపెన్ సిరీస్ షీట్లు ఇంట్లో కూర్చుని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఉపగ్రహాల నుంచి డేటా దిగే పెద్దపెద్ద యాంటెన్నాలు ఎక్కడున్నాయి? షాద్‌నగర్‌లో. నిన్నమొన్నటి దాకా అది మహబూబ్‌నగర్ జిల్లానే కదా! ఆకాశం నుంచి దిగిన డేటా మన నేల మీదే పడుతోంది, మన పిల్లలు మాత్రం ఎవరో గీసిన మ్యాపును స్క్రీన్‌షాట్ తీసి అతికిస్తున్నారు.

అలాగని సాఫ్ట్‌వేర్ నేర్పితే రీసెర్చ్ వచ్చేస్తుందనీ అనుకోకండి. ఒక జూనియర్ నల్గొండ పట్టణం చుట్టూ భూవినియోగం మ్యాపు చేసి తెచ్చాడు, రంగులు అదిరిపోయాయి. చూస్తే లతీఫ్ సాహెబ్ గుట్ట మొత్తం ఎరుపు, అంటే గుట్టంతా బిల్డింగులే. ఉట్టి బండరాయి, కాంక్రీటు కప్పు రెండూ ఉపగ్రహానికి దాదాపు ఒకేలా కనబడతాయి, కంప్యూటర్ రెండింటినీ కలిపేసింది. ఆ పిల్లోడి హాస్టల్ కిటికీలోంచి చూస్తే ఆ గుట్ట కనబడుతుంది! తల తిప్పి చూడలేదు. మ్యాపు చేశాక ఒక ముప్పై నలభై చోట్లకు ఫోన్‌లో జీపీఎస్ పట్టుకుని పోయి, ఇక్కడ మ్యాపు ఏమంటోంది, నేల ఏమంటోంది అని సరిచూసుకోవడం సిలబస్‌లో తప్పనిసరి చేయండి. ఎండలో తిరిగినవాడికి తన మ్యాపు మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో తెలుస్తుంది.

నా పరువు కూడా తీసుకుంటాను, పర్వాలేదు. మ్యాపింగ్ కంపెనీలో ఇంటర్వ్యూకి పోయినప్పుడు రెండు ఫైళ్లిచ్చి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మ్యాపు కలపమన్నారు. కలిపాను. మక్తల్ బంగాళాఖాతంలో తేలింది. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణాన్ని ఒరుసుకుంటూ పోతుంది, దానికి పడమట ఉన్న మక్తల్, నారాయణపేట మ్యాపుల కోసం భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా (జోన్లుగా) విడదీసే యూటీఎం పద్ధతిలో 43వ జోన్‌లో, తూర్పున ఉన్న నాగర్‌కర్నూల్, కల్వకుర్తి 44వ జోన్‌లో పడతాయి. పడమటి ఫైలుకు కూడా 44 అని ఇచ్చేసరికి అది ఆరు డిగ్రీలు తూర్పుకు జరిగి కాకినాడ దాటి సముద్రంలో పడింది. ఎదురుగా కూర్చున్న ఆయన నవ్వు ఆపుకుంటూ 'మేడమ్, మీది జాగ్రఫీయేనా' అన్నాడు. పీజీలో యూటీఎం మీద పది మార్కుల ప్రశ్న రాసి తొమ్మిది తెచ్చుకున్నాను నేను. అట్లాగే నల్గొండ పట్టణం 56 ఓ/8 టోపోషీట్‌లో నైరుతి మూలన ఉంటుంది. పడమటికి రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే 56 ఓ/4లోకి, దక్షిణానికి ఆరేడు కిలోమీటర్లు పోతే 56 పీ/5లోకి వెళ్లిపోతాం. మన ఊరి చుట్టూ మ్యాపు కావాలంటే నాలుగు షీట్లు అతికించుకోవాలన్నమాట. ఇవి పుస్తకంలో ఎవరూ రాయరు, చేతులు పెట్టి చేసినప్పుడే బయటపడతాయి.

మీ కష్టాలు నాకు తెలియవని కాదు. పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఒక్కొక్కరు నాలుగు పేపర్లు చెప్తున్నారు, మాలాంటి గంటల లెక్కవాళ్లకు ఊరికి పోయిన రోజు గంటల్లో లెక్కకు రాదు. ఫీల్డ్‌కి పైసలు అడిగితే ఫైలు తిరిగి రాదు. నిజమే. కానీ ఊటీ బస్సుకు పిల్లలు తలా వేసుకున్న డబ్బుతో మర్రిగూడకు నాలుగుసార్లు పోయిరావచ్చు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఊళ్లలో తిరగనివ్వరు అని ఒక మాట వినిపిస్తుంది. ఆ మాట ఊటీకి పంపేటప్పుడు ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయినా భయం నిజమే, కాబట్టి ఇద్దరిద్దరిని జతగా పంపండి, ముందుగా సర్పంచ్‌కు, అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పి పెట్టండి, టాయిలెట్ ఎక్కడుందో ముందే కనుక్కోండి. ఈ చివరిది చిన్న విషయంలా అనిపిస్తుంది, ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా సర్వే చేసి సాయంత్రానికి తలనొప్పితో పడుకోవడం నేను చూశాను.

మార్కుల గురించి ఒక్క మాట. కాపీ పట్టడానికి యూజీసీ 2018లో రూల్స్ పెట్టింది, పోలిక పది శాతం దాటకూడదు. దానికి మన పిల్లలు కనిపెట్టిన మందు, వాక్యాన్ని తిరగేసి మరగేసి రాయడం. మీరు మార్కులు తొంభై పేజీలకు వేస్తున్నంత కాలం ఈ ఆట నడుస్తూనే ఉంటుంది. సగం మార్కులు ఫీల్డ్ డైరీకి వేయండి. చేతిరాతతో, తేదీలతో, చెమట మరకలతో ఉన్న డైరీ. ఆ రోజు ఎవరు కసురుకున్నారు, ఏ ప్రశ్న పనిచేయలేదు, ఎక్కడ తప్పు చేశాను అని రాసినవాడికి మార్కులు తగ్గించకండి, ఎక్కువ వేయండి. నా సీసాల లేబుళ్లు చెరిగిపోయాయి అని ధైర్యంగా రాసుకునే వీలుంటే నేను ఆ దొంగ టేబుల్ వేసి ఉండేదాన్ని కాదు. వైవా కూడా ఆ ఊళ్లోనే పెట్టండి, పంచాయతీ ఆఫీసులోనో బడి వరండాలోనో. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌తో పాటు ఆ ఊరివాళ్లు నలుగురు కూర్చుంటారు. తీరప్రాంత మత్స్యకారుల వాక్యం అక్కడ చదివి చూడమనండి.

ఇంకొకటి, తీసుకున్నది తిరిగి ఇవ్వడం. ఊరి నుంచి ఇన్ని ఫారాలు నింపుకుని పోతాం, మళ్లీ మొహం చూపించం. తెలుగులో రెండు పేజీలు, ఒక మ్యాపు, ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉంది, ఎన్ని ఇళ్లు వలసలో ఉన్నాయి, పంచాయతీ గోడకు అంటించి రమ్మనండి. తప్పుంటే అక్కడే ఎవరో ఒకరు పెన్ను తీసుకుని దిద్దుతారు.

వచ్చే బోర్డు సమావేశంలో ఈ లేఖను ఎవరైనా బల్ల మీద పెడితే సంతోషం. పెట్టకపోయినా, ఏ డిపార్ట్‌మెంట్ వాళ్లైనా రెండు ఊళ్లు ఎంచుకుంటామంటే ఒక వారం నా సెలవులు వాడుకుని వస్తాను, ఛార్జీలు కూడా అడగను. తెలుగులో తయారుచేసిన ఇళ్ల జాబితా ఫారం ఒకటి నా దగ్గరుంది, నారాయణపేట ఊళ్లో ఆ సాయంత్రం రాసుకున్నదే, తాళం ఉంటే కవరు ఉందా లేదా అని అందులో ఒక గడి కూడా పెట్టాను. కావాలంటే జిరాక్స్ తీసుకోండి.

మా ఊరి అవ్వ ఇప్పటికీ కనబడితే అడుగుతుంది, 'ఆ నీళ్లు పట్కపోతివి కదా బిడ్డా, మా బోరుది ఎంతొచ్చింది?' ఈ ఎండాకాలం మళ్లీ పట్టుకుపోతున్నాను. ఈసారి చెరగని మార్కర్‌తో.

ఇట్లు,
మునుగోడు వైపు నుంచి ఒక గెస్ట్ లెక్చరర్